లోటు లెక్క

ఆదివారం వస్తే చాలు, సీతాఫల్‌మండిలో లోకల్ రైలెక్కి యాకుత్‌పురా వెళ్ళడం నాకు అలవాటు. మా నాన్నగారు ఆ పాత ఇల్లు వదిలి రారు. "ఇక్కడ నన్ను ఎరిగినవాళ్ళున్నారు, అక్కడ మీ అపార్ట్‌మెంట్లో నన్నెరిగింది లిఫ్టొక్కటే" అంటారు. దారిలో ఆర్ట్స్ కాలేజి స్టేషను వస్తుంది. అది వచ్చినప్పుడల్లా మనసులో ఒక నమస్కారం పెట్టుకుంటాను. లెక్కలనుంచి తప్పించుకుని వచ్చిన నాబోటివాళ్ళకి అది పుణ్యక్షేత్రం కదా!

యాకుత్ అంటే కెంపు. పేరుకి కెంపులపురమే గాని మా వీధిలో కెంపన్నది చూసినవాళ్ళెవరూ లేరు. ఒకప్పుడు ఊరి గోడకి యాకుత్‌పురా దర్వాజా ఉండేది. గోడా పోయింది, దర్వాజా పోయింది, పేరు మిగిలింది. ఊరి దర్వాజాలన్నిటిలో ఇప్పుడు దబీర్‌పురాది, పురానాపూల్‌ది మాత్రమే నిలబడి ఉన్నాయి. పేర్లు వస్తువులకన్నా గట్టివని అక్కడ తిరిగినప్పుడల్లా అనిపిస్తుంది. ఇవాళ నేను చెప్పబోయేది పేర్ల గురించే. మనుషుల పేర్లు కావు, లెక్కల్లో సంఖ్యలకి పెట్టిన పేర్లు. భయపడకండి, నాకర్థమైంది మీకర్థం కాకపోదు.

మొన్నొక ఆదివారం మా చిన్నమ్మాయిని కూడా తీసుకెళ్ళాను. అది తొమ్మిదో తరగతి. నా బ్యాగులో దాని స్కూలువాళ్ళు పంపిన కాగితం ఒకటి ఉంది. లెక్కల్లో వెనకబడిన పిల్లల్ని విడిగా ఒక బ్యాచ్‌లో కూర్చోబెడతారట, తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకం పెట్టాలట. అంతవరకూ బాగానే ఉంది. పిల్ల పేరు పక్కన "డెఫిషియెంట్" అని రబ్బరు ముద్ర కొట్టారు. అలా ముద్ర కొట్టడానికి అది పార్సిలా, పాసుపోర్టా? నాలుగు రోజులుగా ఆ కాగితం నా బ్యాగులోనే ఉంది. సంతకం పెట్టడానికీ చెయ్యి రాలేదు, చింపడానికీ రాలేదు.

మేం వెళ్ళేసరికి నాన్నగారు అరుగుమీద పక్కింటి సాహెబ్‌గారితో చదరంగం ఆడుతున్నారు. వాళ్ళిద్దరి ఆట నా చిన్నప్పటినుంచీ నడుస్తోంది, ఎవరు గెలుస్తున్నారో ఇప్పటికీ తేలలేదు. నాన్నగారు తెలుగు పండితులుగా రిటైరయ్యారు. సాహెబ్‌గారు లక్క గాజుల పనిచేసి కళ్ళు పాడుచేసుకున్నారు. ఆయన భార్యని నేను ఖాలా అంటాను. మా అమ్మ పోయాక నాన్నగారికి రెండు పూటలా టీ ఇచ్చే మనిషి ఆవిడే.

పిల్ల బోర్డు వైపు చూస్తుంటే సాహెబ్‌గారు కథ మొదలెట్టారు. అది మీకందరికీ తెలిసిందే. చదరంగం కనిపెట్టినవాడిని రాజు ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా అరవై నాలుగు గళ్ళకీ రెట్టిస్తూ ఇమ్మన్నాడు వాడు. రాజు నవ్వాడు. తరవాత ఏడ్చాడు. అరబ్బీ పుస్తకాల్లో పదమూడో శతాబ్దంనాటికే ఈ కథ రాసి ఉంది.

"మీ అరబ్బీవాళ్ళు కథ చెప్పారు, మావాడు లెక్క కట్టి పద్యంలో పెట్టాడు" అన్నారు నాన్నగారు పౌరుషంగా. అని ఆ పద్యం గుక్కతిప్పుకోకుండా చదివేశారు. పావులూరి మల్లనదని చెప్పుకుంటారు ఆ పద్యాన్ని. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసినవాడు మల్లన. పద్యంలో అంకె ఒక్కటీ కనిపించదు. చంద్రుడంటే ఒకటి. వేదాలంటే నాలుగు. మన్మథుడి బాణాలు అయిదు. కొండలు ఏడు, ఏనుగులు ఎనిమిది, ఆకాశం సున్న. అంకెలు వెనక్కి నడవాలి గనక పద్యంలో మొదట వచ్చిన బాణాలు సంఖ్యలో చిట్టచివర ఒకట్ల స్థానంలో కూర్చుంటాయి, పద్యం చివర వచ్చే చల్లని చంద్రుడు అన్నిటికన్నా ముందుకు వస్తాడు. అలా పేరిస్తే వచ్చే సంఖ్య ఇదీ: 18446744073709551615. ఇరవై అంకెలు. లక్షా ఎనభై నాలుగు వేల చిల్లర కోటి కోట్లు! కిలోకి యాభై వేల గింజలని గుండుగుత్తగా వేసుకుంటే ముప్ఫై ఆరు వేల తొమ్మిది వందల కోట్ల టన్నుల బియ్యం. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి పండించే బియ్యం ఏడాదికి యాభై కోట్ల టన్నులు పైచిలుకు. అంటే ఆ రాజుగారి బాకీ తీరడానికి సుమారు ఏడు వందల ఏళ్ళ పంట కావాలి. అదీ ఎవరూ అన్నం తినకుండా.

ఖాలా టీలు తెచ్చి, "అంత బియ్యమా! డీలరు నాకు కిలో ఇవ్వడానికే ముఖం మాడ్చుకుంటాడు" అని నవ్వింది.

ఇంతలో మా పిల్ల లోపలికెళ్ళి తాతగారి పాత డైరీ ఒకటి పట్టుకొచ్చి వెనక పేజీల్లో ఏదో గీకడం మొదలెట్టింది. నేను ఖాలాతో కబుర్లలో పడ్డాను. గంట తరవాత, "తాతయ్యా, నీ సంఖ్య ముక్కలైపోయింది" అంది. ఏమిటా అని చూస్తే అది చేసిన పని ఇది. పదహారులోంచి ఒకటి తీస్తే పదిహేను, అంటే మూడు అయిదులు. రెండొందల యాభై ఆరులోంచి ఒకటి తీస్తే పదిహేను పదిహేడులు. ఇలా ఒక వర్గంలోంచి ఒకటి తీసినప్పుడల్లా అది రెండు ముక్కలవుతుందన్నది వాళ్ళ స్కూలు పుస్తకంలో ఉన్న సూత్రమే. చదరంగం గింజలూ అంతేనట. రెండుని అరవై నాలుగుసార్లు హెచ్చించి అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చినవే. అందుకని మళ్ళీ మళ్ళీ చీల్చుకుంటూ పోతే మూడు, అయిదు, పదిహేడు, 257, 65537, చివర 4294967297 మిగిలాయి. సూత్రం నేనూ చదువుకున్నాను. దానితో ఒక పని చెయ్యొచ్చని మాత్రం నాకు నలభై దాటాక, మా ఇంట్లో లెక్కలు రానిదాని చేతిలో తెలిసింది.

ఆ చివరి ముక్కది పెద్ద కథ. ఫెర్మా అని ఫ్రాన్సులో గొప్ప గణితజ్ఞుడు. 1640 ప్రాంతంలో ఈ వరసలో సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని, అంటే ఒకటితోనూ తమతోనూ తప్ప దేనితోనూ భాగింపబడవని నమ్మాడు. మొదటి అయిదూ నిజంగా అలాంటివే. ఆరోదాన్ని భాగించి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. పెద్దాయన ముద్ర వేశాడు, లోకం ఒప్పుకుంది. 1732లో ఆయిలర్ వచ్చి 641తో భాగిస్తే శేషం లేకుండా పోయింది, 6700417 సార్లు. తొంభై రెండేళ్ళు ఆ సంఖ్య తనది కాని బిరుదు మోసిందన్నమాట. పొగడ్త గనక ఎవరికీ నొప్పి కలగలేదు, అంతే.

ఇక అసలు సంగతికి వస్తున్నాను. పిల్ల ఫోనులో ఏదో వెతికి, కాసేపు చదివి, "అమ్మా, ఈ సంఖ్య కూడా డెఫిషియెంటే" అంది.

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. కాగితం సంగతి దానికి చెప్పలేదు నేను. ఆ మాట దానికెలా తెలుసు? తెలియకపోవడమేమిటి, ఆ ముద్ర కొట్టిన కాగితాన్ని నాకు తెచ్చిచ్చిందే అది!

లెక్కల్లో ఆ మాటకి అర్థం వేరు. ఒక సంఖ్యని నిశ్శేషంగా భాగించే చిన్న సంఖ్యలన్నీ కూడాలి. ఆరుకి ఒకటి, రెండు, మూడు. కూడితే ఆరే వచ్చింది, కనక ఆరు పరిపూర్ణ సంఖ్య. ఇరవై ఎనిమిదీ అంతే. పన్నెండుకి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు, కలిపి పదహారు. తనకన్నా ఎక్కువ వచ్చింది గనక అది అధికం. పదికి ఒకటి, రెండు, అయిదు, కలిపి ఎనిమిదే. తక్కువ గనక అది న్యూనం, లోటు సంఖ్య. మల్లన సంఖ్యకి దాన్ని మినహాయించి నూట ఇరవై ఏడు భాజకాలున్నాయి. అన్నీ కూడినా నూటికి డెబ్భై వంతులే వస్తుంది. రాజుగారి గాదెలన్నీ ఖాళీ చేసి, ఏడొందల ఏళ్ళ పంట మింగగల సంఖ్యకి లోటు!

అంతటితో అయిందా? ఒక సంఖ్యలో అంకెల వర్గాలు కూడుతూ, వచ్చినదాని అంకెల వర్గాలు మళ్ళీ కూడుతూ పోతే కొన్ని చివరికి ఒకటి దగ్గర ఆగుతాయట. వాటిని ఆనంద సంఖ్యలంటారట. ఏడు అలాంటిది: నలభై తొమ్మిది, తొంభై ఏడు, నూట ముప్ఫై, పది, ఒకటి. మన సంఖ్యకి చేస్తే 515 వచ్చింది, తరవాత 51, 26, 40, 16, 37, అలా పోయి పోయి మళ్ళీ పదహారుకే వచ్చింది. గానుగెద్దులాగా ఎంత తిరిగినా ఒకటి చేరదు. కనక ఆనందం లేదు. ఒకట్లూ సున్నాలూ మాత్రమే వాడే కంప్యూటరు లిపిలో రాస్తే ఇందులో అరవై నాలుగు ఒకట్లొస్తాయి. ఒకట్లు సరిసంఖ్యలో ఉంటే దానికి ఇంగ్లీషులో "ఈవిల్", అంటే దుష్ట సంఖ్య అని పేరు. 'సరి' అన్న మాటకీ 'చెడు' అన్న మాటకీ ఇంగ్లీషులో మొదటి అక్షరాలు కలిశాయని హాస్యానికి పెట్టారట ఆ పేరు. లోటు, ఏడుపు, దుష్టత్వం మూడూ ఒకదాని నెత్తినే! మన అత్తగార్లు కూడా ఒక్క కోడలికి ఇన్ని బిరుదులివ్వలేదు.

నవ్వులాటగా ఉంటే బాగుండేది. కానీ ఈ లోటు, అధికం అన్న పేర్లు మొదట హాస్యానికి పెట్టినవి కావు. రెండువేల ఏళ్ళక్రితం అటూ ఇటుగా నికోమాకస్ అని ఒక గ్రీకు పండితుడు, ఇప్పటి జోర్డాన్‌లో ఉన్న గెరాసా ఊరివాడు, పరిపూర్ణ సంఖ్యల్ని సద్గుణాలతో పోల్చి, మిగతావాటిని వికృత ప్రాణులతో పోల్చాడు. అధిక సంఖ్యలు పది నాలుకలూ మూడు వరసల పళ్ళూ ఉన్న జంతువుల్లాంటివట. లోటువి ఒంటికన్నుతోనో ఒంటిచేత్తోనో పుట్టినవాటిలాంటివట. కన్నులేనివాడినీ చెయ్యిలేనివాడినీ సంఖ్యకి ఉపమానంగా తెచ్చి ఇద్దర్నీ ఒకేసారి కించపరచడం ఎంత తేలికో చూడండి. అంకెకి నొప్పి తెలీదు. ఉపమానంగా నిలబడ్డ మనిషికి తెలుస్తుంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది నికోమాకస్ కాదు, నేను. ఇంటికెవరొచ్చినా, "పెద్దది బ్రిలియంటండీ, చిన్నదే కాస్త లెక్కల్లో వీకు" అంటూ పిల్ల ఎదుటే ఎన్నిసార్లన్నానో. ఎందుకనేదాన్ని? దాని మార్కులు తక్కువైతే అడిగేవాళ్ళకి ముందే జవాబు చెప్పేస్తే నాకు తలవంపు తప్పుతుందని. స్కూలువాళ్ళు ఒక్కసారి కొట్టిన ముద్ర నేను పదేళ్ళుగా రోజూ కొడుతున్నాను. నవల్లో ఒక్క పాత్రని పూర్తిగా చెడ్డదాన్ని చేస్తే "అలా ఎవరూ ఉండరు" అని పాఠకులు ఉత్తరాలు రాస్తారని ఎంతో జాగ్రత్తపడతాను. ఇంట్లో పాత్రకి ఉత్తరాలు రాసే పాఠకులు లేరు మరి.

అయితే పేర్లన్నీ చెడ్డవనీ, వర్గీకరణే పాపమనీ అనేద్దామనుకున్నాను. ఖాలా ఎదురుగా కూర్చుని అనలేకపోయాను. ఉమ్మడి రాష్ట్రంలో బీదవాళ్ళకి తెల్ల కార్డు, మిగతావాళ్ళకి గులాబీ కార్డు ఉండేవి. ఒకసారి ఎవరి పొరపాటువల్లనో వాళ్ళ పేరు బీదల జాబితాలోంచి తప్పిపోయింది. "నేను బీదదాన్నే, రాసుకోండి" అని ఆవిడ ఎనిమిది నెలలు తిరిగింది. అప్పటికి సాహెబ్‌గారి చూపు పూర్తిగా మందగించింది. ఆ మాట పుస్తకంలోకి ఎక్కితేగాని బియ్యం రాలేదు. ఆ పేరు ఆవిడకి తలవంపు కాలేదు, తలుపు తెరిచింది. మరి ఖాలా కోరి తెచ్చుకున్న పేరుకీ, నా కూతురికి కొట్టిన ముద్రకీ తేడా ఏమిటి? రెండూ లోటునే చెప్పాయి కదా.

నాకు తోచింది చెబుతాను, ఒప్పుకోకపోతే పోనివ్వండి. కార్డు ఒక్క ప్రశ్న అడుగుతుంది: ఈ ఇంట్లో బియ్యం సరిపోతున్నాయా లేదా? దానికే జవాబు చెప్పి ఊరుకుంటుంది. ఖాలా మంచిదా, తెలివైనదా, చీర బాగా కుడుతుందా అన్న జోలికి పోదు. లెక్కల్లో "లోటు" కూడా అసలు అంతే. నీ భాజకాలు కూడితే నీ అంత అవుతాయా అన్న ఒకే ప్రశ్న. పిల్ల ఇంకోటి చెప్పింది: అన్నిటికన్నా ఎక్కువ లోటున్నవి ప్రధాన సంఖ్యలేనట! ఏడుకి ఒకటి తప్ప భాజకం లేదు, ఆరు లోటు. గణితజ్ఞులు తలమీద పెట్టుకునేవి, కోట్ల అంకెలున్నవాటికోసం ఏళ్ళ తరబడి వెతికేవి అవే. 2024లో దొరికినదానికి నాలుగు కోట్ల పది లక్షల పైచిలుకు అంకెలున్నాయి. ఇందాకటి ముక్కల్లో 65537 కూడా ప్రధాన సంఖ్యే. ఇంటర్నెట్లో మన రహస్యాలకి తాళాలు వేసే లెక్కల్లో దాన్ని తెగ వాడతారట. లోటు సంఖ్య అని తాళం పనిచెయ్యడం మానెయ్యలేదు. ఒక ప్రశ్నకి వచ్చిన జవాబుని, ఎవరూ అడగని వంద ప్రశ్నలకి మనమే పూసేస్తాం. "లెక్కల్లో వీకు" అన్నది మా ఇంట్లో ఏడాది తిరిగేసరికి "అది కాస్త మందం" అయింది. ఆ రెండో మాట ఏ పరీక్షలో వచ్చిందో ఎవరికీ తెలీదు.

"తాతయ్యా, 220, 284 అని రెండున్నాయి" అంది పిల్ల, ఈలోగా ఇంకో పేజీ నింపి. "220 భాజకాలు కూడితే 284 వస్తుంది. 284వి కూడితే 220. ఒకదానికి ఎక్కువ, ఒకదానికి లోటు. మిత్ర సంఖ్యలట." తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో సాబిత్ ఇబ్న్ ఖుర్రా అనే ఆయన ఇలాంటి జంటల్ని పట్టుకోవడానికి సూత్రం కూడా కనిపెట్టాడని చదివి వినిపించింది. సాహెబ్‌గారు గుర్రాన్ని చేత్తో తడిమి చూసుకుని, "మనలో 284 ఎవరు పంతులుగారూ?" అని అడిగారు. "ముందు మీ ఏనుగుని చూసుకోండి" అన్నారు నాన్నగారు.

నేను బ్యాగులోంచి కాగితం తీశాను. దాచిపెట్టి ప్రయోజనం లేదు. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ప్రత్యేకంగా చెబుతామంటున్నారుగా అమ్మాయ్, చెప్పించుకుంటే నష్టమేముంది?" అన్నారు. "చెప్పడానికి కాదు నాన్నా, ఆ ముద్రకి" అన్నాను. ఆ మాట కొట్టేసి, "గుణకారంలో సాయం కావాలి" అని రాసి సంతకం పెడతానన్నాను. నాకది చాలా న్యాయంగా తోచింది.

"వద్దమ్మా" అంది పిల్ల కంగారుగా. "కొట్టివేతలుంటే ఫారం తీసుకోరు, మళ్ళీ కొత్తది తెచ్చుకోవాలి. పెట్టెయ్యి. ఆ బ్యాచ్‌కొచ్చే సారు అడిగితే విసుక్కోరట." కాసేపాగి, "అయినా నాకు గుణకారం వచ్చు. తీసివేతల్లోనే అప్పు తెచ్చుకోవడం మర్చిపోతాను" అంది.

పదేళ్ళుగా "లెక్కల్లో వీకు" అంటున్నాను గాని ఏ లెక్కలో అని ఒక్కసారీ అడగలేదు.

పెన్ను కోసం చూస్తుంటే ఖాలా చేటలో బియ్యం పోసుకొచ్చి పక్కన కూర్చుంది. "క్యా బేటీ, సంతకం తరవాత. ముందు ఈ రాళ్ళు ఏరు, నా కళ్ళకి ఆనడంలేదు" అంది. పిల్ల డైరీ మూసి చేట అవతలివైపు కూర్చుంది. ఒక్కో గింజా వేలితో జరుపుతూ, పైకి వినబడేలా లెక్కపెట్టడం మొదలెట్టింది.